నర్సమ్మ చూసిన బీపీ

బత్తలపల్లె సెంటర్లో బస్సు దిగేవాళ్ళ చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో పాత చీటీలు, మడత పడిన ఎక్స్‌రే కనబడితే, ఎక్కడికి పోవాలని అడిగే పనే లేదు. ఆర్డీటీ ఆసుపత్రికే. ధర్మవరంలో మగ్గం దిగి వచ్చినవాళ్ళు, ముదిగుబ్బ వైపు చెనక్కాయ రైతులు, తాడిమర్రి వైపు చీనీ తోటల వాళ్ళు, అందరూ అక్కడే తేలతారు. 1969లో అనంతపురానికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ అనే స్పెయిన్ ఆయన మొదలుపెట్టిన సంస్థ ఈ ఆర్డీటీ. 2009లో ఆయన పోతే ఈ బత్తలపల్లెలోనే మట్టి చేసినారు. ఇక్కడ హెచ్ఐవీ రోగులకు చేసిన వైద్యం లెక్కలు ఆయన పేరు మీదనే విదేశీ వైద్య పత్రికలకు ఎక్కినాయి.

అయితే నేను ఈ పూట చెప్పేది పెద్దాసుపత్రి కథ కాదప్పా. అక్కడి దాకా పోకముందు ఊర్లోనే ఉండే చిన్న గది కథ. ఏఎన్ఎం, ఆశా, బీఎస్సీ నర్సింగ్ చదివిన ఇంకొక అమ్మాయి, ఒక టేబులు, గోడకు టీకాల చార్టు. విలేజ్ క్లినిక్ అన్నారు, ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అంటున్నారు. మా ఊర్లో ఆడోళ్ళు మాత్రం 'నర్సమ్మ దగ్గరికి పోయొస్తా' అంటారు, అంతే.

బెంగళూరులో పనిచేసే మా మనవడు ఫోన్లో అడిగినాడు. "తాతా, అవ్వకు నర్సమ్మ చూస్తే బీపీ 138, టౌన్లో డాక్టరు చూస్తే 160. ఎవరి మిషన్ చెడింది?"

ఏ మిషనూ చెడలేదప్పా. రెండు లెక్కలూ నిజమే.

ఇటలీ దేశంలో మిలాన్ నగరంలో మాన్చియా అనే డాక్టరు ఈ సంగతి తేల్చినాడు. 1983లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆసుపత్రిలో పడుకున్న రోగుల రక్తనాళంలోకి సన్న గొట్టం పెట్టి, రోజంతా క్షణక్షణం బీపీ రాసుకునే ఏర్పాటు చేసినాడు. చేతికి పట్టీ కట్టే పనే లేకుండా అసలు బీపీ ఎప్పటికప్పుడు తెలుస్తా ఉంటుంది. అప్పుడు ఒక డాక్టరును లోపలికి పంపి, మామూలుగా పట్టీ కట్టి బీపీ చూడమన్నాడు. డాక్టరు మంచం దగ్గరికి రాగానే పైబీపీ సగటున సుమారు 27 పాయింట్లు లేచింది. మొదటి నాలుగు నిమిషాల్లో అంత ఎత్తుకు పోయి, మెల్లగా దిగింది. కొన్నేళ్ళకు అదే పరీక్ష నర్సును పంపి చేసినారు. పెరుగుడు దాదాపు సగమే. రెండోసారి, మూడోసారి డాక్టరే వచ్చినా ఆ బెదురు అంత తొందరగా పోలేదు.

కాబట్టి మీ అవ్వ బీపీ ఎంతో నర్సమ్మకే బాగా తెలుసు. నర్సమ్మంటే పక్కింటి పిల్ల, ఆ పిల్ల పెండ్లి చూసినాము, మన ఇంటి బిడ్డకు టీకా వేసింది. ఆ పిల్ల దగ్గర గుండె ఎందుకు గుబగుబలాడాలి?

పట్టీ కట్టే పద్ధతి కూడా ఇటలీ ఆయనదే, రివా రోచ్చి, 1896. స్టెతస్కోపు పెట్టి చప్పుడు వినడం రష్యాలో కొరొట్కోవ్ 1905లో నేర్పించినాడు. అంతకుముందే, ఇంగ్లండులో హేల్స్ అనే పాదిరి గుర్రం రక్తనాళంలో గాజు గొట్టం గుచ్చితే రక్తం ఎనిమిది అడుగులు పైకి లేచిందని 1733లో అచ్చు వేయించినాడు. పాపం గుర్రం. ఇప్పుడు మన పద్ధతి ఎంతో మేలు.

పద్ధతి మేలే, పాటించేవాళ్ళే తక్కువ. ఐదు నిమిషాలు ఊరకే కూర్చోవాలి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వేయకూడదు. చేయి గుండె ఎత్తుకు టేబుల్ మీద పెట్టాలి. పట్టీ రవిక మీద కాదు, చర్మం మీద కట్టాలి. ఒంటికి పోయి రావాలి. అరగంట లోపల టీ, బీడీ ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మాట్లాడకూడదు. మాట్లాడితే పది పాయింట్ల దాకా పెరుగుతుంది. మన దగ్గర ఏమి జరుగుతుంది? ఎండలో నడిచొచ్చి, చెప్పులు వదిలి, కూర్చోకముందే చేయి చాపుతారు. గాలి కొడతా ఉంటే 'కోడలు ఎట్లుంది' అని నర్సమ్మ, 'ఏం చెప్పాల తల్లీ' అని మీ అవ్వ. అట్లా చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు. ఒక్కరోజు 140/90 దాటిందని జబ్బు ఖాయం చేయరు. ఇంకో రోజు, ఇంకో రోజు చూస్తారు. అదృష్టం బాగలేక తారుమారుగా కూడా ఉంటుంది కొందరికి, డాక్టరు దగ్గర సరిగా ఉండి ఇంట్లో, పొలంలో ఎక్కువ ఉండేవాళ్ళు. వాళ్ళను పట్టుకోవాలన్నా ఊర్లో ఉండే నర్సమ్మే దిక్కు.

ఇప్పుడు అసలు సంగతి. ఊరకే కూర్చుంటే బీపీ ఎందుకు దిగుతుంది? మనసు నెమ్మదిస్తే రక్తనాళానికి ఎవరు చెప్పిపోతారు?

గుండెకు రెండు రకాల నరాలు వస్తాయప్పా. ఎద్దుల బండి తోలేవానికి ఒక చేతిలో ముల్లుకర్ర, ఇంకో చేతిలో పగ్గం ఉన్నట్టు. ముల్లుకర్ర తీరు నరాలు వెన్నుపాము పక్కనుంచి వస్తాయి. గుండెను తోలతాయి, నాళాలను బిగిస్తాయి. పగ్గం తీరుది వేగస్ నాడి. మెదడు అడుగు నుంచి మెడలో దిగి గుండెను ఆపి ఆపి నడిపిస్తుంది. అమెరికాలో వాల్టర్ కానన్ 1915లో మొదటిదాని పని వివరంగా రాసినాడు, పులి ఎదురైతే కొట్లాటకో పరుగుకో ఒళ్ళు ఎట్లా సిద్ధమవుతుందో అని. మన సీమలో పులి ఏడుంది? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. ఆరొందల అడుగులు దింపినా దుమ్ము లేచే బోరు, బ్యాంకు నోటీసు, ఎండిపోతున్న చీనీ చెట్లు. పులి అయితే వచ్చి పోతుంది. బోరు బాకీ రాత్రి పడుకున్నా మంచం పక్కనే ఉంటుంది. ముల్లుకర్ర దించకుండా తోలినట్టే.

వేగస్ నాడి ఎట్లా పనిచేస్తుందో కనుక్కున్న కథ ఇంకా బాగుంటుంది. ఆస్ట్రియాలో ఒట్టో లోవీ అనే ఆయనకు ఈస్టర్ పండగ ముందు రాత్రి కల వచ్చిందంట, ఏ ప్రయోగం చేయాలో. సగం నిద్రలో కాగితం మీద గీకి పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే తన రాత తనకే తెలియలేదు! మరుసటి రాత్రి మళ్ళీ అదే కల. ఈసారి రాసుకోలేదు, నేరుగా లేచి ప్రయోగశాలకు పోయినాడు. రెండు కప్పల గుండెలు తీసుకున్నాడు. ఒకదానికి వేగస్ నాడిని కదిలించి, గుండె మెల్లబడినాక దాని చుట్టూ ఉన్న ఉప్పునీళ్ళు తీసి రెండోదాని మీద పోసినాడు. నరమే లేని ఆ రెండో గుండె కూడా మెల్లబడింది. అంటే నాడి చివర ఏదో రసాయనం విడుస్తోందన్నమాట. 1921లో అచ్చయింది, 1936లో నోబెల్ వచ్చింది. ఆ రసాయనం పేరు ఎసిటైల్‌కోలిన్.

ఆ పగ్గాన్ని మనం చేత్తో పట్టుకోలేం, కానీ ఊపిరితో తాకవచ్చు. నాడి పట్టుకుని చూసుకో. ఊపిరి తీసుకునేటప్పుడు కొంచెం వేగం, విడిచేటప్పుడు కొంచెం నెమ్మది. చిన్నవయసులో బాగా తెలుస్తుంది, నా వయసులో ఆ తేడా తగ్గిపోతుంది. మెడలో రెండు పక్కలా, గుండె పైన పెద్ద నాళం వంపులో, రక్తపు ఒత్తిడిని కనిపెట్టే నరాల కొసలున్నాయి. ఒత్తిడి పెరిగిందని అవి మెదడుకు చెప్పడం, మెదడు గుండెను, నాళాలను సవరించడం, ఆ సవరణ ఒంటికి తెలియడం, ఇదంతా కొన్ని సెకన్లు పడుతుంది. అందుకని బీపీ తనంతట తాను సుమారు పది సెకన్లకొకసారి కొద్దిగా లేచి పడుతుంటుంది. ఊపిరి కూడా పది సెకన్లకొకటి, అంటే నిమిషానికి ఆరు చొప్పున తీస్తే రెండూ ఒకే లయలో కదులుతాయి. అప్పుడు ఆ సవరించే యంత్రాంగం చురుకుగా పనిచేస్తుంది.

ఈ ఆరు లెక్క ఇంకెక్కడ కనబడిందో చూడు. ఇటలీలోనే బెర్నార్డి అనే డాక్టరు 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసినాడు. 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో మరియమ్మ జపం చెప్పించినాడు, తర్వాత ఓం మణి పద్మే ఓం అనిపించినాడు. రెంటికీ ఊపిరి నిమిషానికి ఆరుకు దిగింది, ఆ సవరించే చురుకూ పెరిగింది. ఏ దేవుడు అనే పట్టింపు గుండెకు లేదన్నమాట.

"అట్లైతే అవ్వ మాత్ర మానేసి జపం చేసుకుంటే పాయె కదా" అన్నాడు మనవడు. వద్దప్పా వద్దు. 2013లో అమెరికా హార్ట్ అసోసియేషన్ ఇలాంటి పద్ధతులన్నీ వడగట్టి చూసింది. బలమైన సాక్ష్యం దొరికింది నడకకు, వ్యాయామానికి. యంత్రం చెప్పినట్టు మెల్లగా ఊపిరి తీయడానికి దాని తర్వాత స్థానం. యోగాకు అప్పటికి ఉన్న సాక్ష్యం చాలదన్నారు. మెల్లని ఊపిరితో దిగేది కొన్ని పాయింట్లు మాత్రమే. మాత్రతో పాటు చేస్తే సంతోషం, మాత్రకు బదులుగా చేస్తే పక్షవాతం వచ్చి మంచాన పడినాక చేసేదేమీ ఉండదు. అవ్వ వాడే అమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర నర్సమ్మ దగ్గర ఊరికే ఇస్తారు, ఏ రోజూ మానకూడదు.

యోగా పేరుతో చెప్పే గొప్పల్లో కూడా గింజ ఎంత, పొట్టు ఎంత అని చూసుకోవాల. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన ఆనంద్, అమెరికన్ శాస్త్రవేత్త వెంగర్, బాగ్చీ కలిసి, గుండెను ఆపగలమనే యోగులను పరీక్షించిన సంగతి అచ్చు వేయించినారు. గట్టిగా ఊపిరి బిగబట్టి ఛాతీ, పొట్ట కండరాలు బిగిస్తే నాడి చేతికి అందలేదు, స్టెతస్కోపుకు చప్పుడు వినబడలేదు. ఈసీజీలో మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉంది. గుండె ఆగలేదు, రక్తం తిరిగి రావడం తగ్గింది అంతే. అయినా ఊపిరితో, కండరంతో ఒంటి లోపలి పనిని కొంత కదిలించవచ్చని తేలింది కదా, అది చాలు.

మగ్గం మీద కూర్చునేవాళ్ళకు నేను ఇంకొకటి చెబుతుంటాను. గుంత మగ్గంలో కాళ్ళు దించి పొద్దంతా వంగితే మెడ, భుజాలు గట్టిపడిపోతాయి. షికాగో డాక్టరు జేకబ్సన్ 1929లో ఒక పుస్తకం రాసినాడు, కండరం వదులు చేయడం నేర్పుతూ. పిడికిలి ఐదు సెకన్లు బిగబట్టు, ఒక్కసారి వదిలెయ్యి, ఆ వదులు ఎట్లుందో గమనించు. తర్వాత మోచేయి, భుజం, మెడ, ముఖం, పొట్ట, కాళ్ళు. బిగువు ఎక్కడుందో తెలియకుండానే మనం బిగించి కూర్చుంటాం. బిగించి చూస్తే తెలుస్తుంది. నిద్ర పట్టని వాళ్ళకు ఇది పనికొస్తుంది. ఒళ్ళు నొప్పులు, తలనొప్పి, గుండె దడ అని నెలకోసారి నర్సమ్మ దగ్గరికొచ్చి, ఏ పరీక్షా తేల్చక తిరిగిపోయేవాళ్ళు ఉంటారు చూడు, వాళ్ళల్లో చాలామందికి నొప్పి అబద్ధం కాదు, నొప్పికి మూలం మనేద. ఆ మాట డాక్టరు అడగకపోతే వాళ్ళు చెప్పరు. నర్సమ్మ అడిగితే చెబుతారు.

పక్కనే ఉంది బళ్ళారి, 1953 దాకా మనతో పాటు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న జిల్లా. అక్కడ 1980లలో బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్ళు ఒక పని చేసినారు. మనోవ్యాధులకూ మూర్ఛకూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ఊర్లలోనే వైద్యం చేయించినారు. ఆ నమూనాను పట్టుకునే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు ఎవరికైనా రాత్రి మనసు మరీ బాగలేకపోతే 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే మనిషి దొరుకుతారు. 2022 అక్టోబరు నుంచి ఉంది ఆ నంబరు. డబ్బు పడదు.

ఊర్లో గది ఉండాలన్న ఆలోచన ఈనాటిది కాదులే. భోర్ కమిటీ 1946లోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సంగతి రాసింది. 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచమంతా కూర్చుని ప్రాథమిక వైద్యమే పునాది అంది. 2018లో ఊర్లలో ఉండే ఉపకేంద్రాలకే బీపీ, షుగరు, నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం కాన్సర్ల పరీక్షలు ముప్పై దాటిన అందరికీ చేసే పని, యోగా నేర్పే పని అప్పగించినారు. యోగా తరగతి ఏమో కానీ, ఆ పరీక్షలు మాత్రం మీ అమ్మకు చేయించు, వాయిదా వేయనీయకు.

ఇంట్లో చేసుకునేది ఇదీ. కుర్చీలో ఆనుకుని కూర్చో. నాలుగు లెక్కపెట్టేంత ముక్కుతో లోపలికి, ఆరు లెక్కపెట్టేంత మెల్లగా బయటికి. పొట్ట కదలాల, భుజాలు కాదు. ఊపిరి బిగబట్టే పని లేదు. పది నిమిషాలు. తల తిరిగినా, ఆయాసం అనిపించినా మానేసి మామూలుగా పీల్చుకో. ఉబ్బసం ఉన్నవాళ్ళు నర్సమ్మనో డాక్టరునో అడిగి చేయాల.

ఇంకొకటి, దీన్ని మాత్రం ఫోన్లో ఊరకే వినొద్దు, రాసుకో. ఛాతీ బరువుగా పట్టేసి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చల్లని చెమట పడితే, లేదంటే మూతి ఒక పక్కకు పోయి మాట ముద్దగా వస్తే, అది ఊపిరి లెక్కపెట్టుకునే సమయం కాదు. 2005 నుంచి ఉంది 108, దానికి కొట్టాల. బండి వచ్చేదాకా తలుపు తీసి పెట్టి, పాత చీటీల కవరు, వాడే మాత్రల అట్టలు చేతికి అందేచోట పెట్టుకుంటే ఆసుపత్రిలో సగం పని అయిపోతుంది.