ఐదు వందల రూపాయల పర్మిట్

కొత్త హెచ్‌-1బీ వీసా దరఖాస్తులపై అమెరికా లక్ష డాలర్ల రుసుము వేసింది కదా, మన రెండు జిల్లాల వైపు నుంచి ముఖచిత్ర కథనం కావాలి, శుక్రవారానికల్లా పేజీలు వెళ్లిపోవాలి అన్నారు ఎడిటర్‌. శ్రీకాకుళంలో ఇద్దరు, విజయనగరంలో ఇద్దరు తల్లిదండ్రుల్ని కదిపి, డాలస్‌ ఫొటోలు వేస్తే పని అయిపోయేదే. ఈలోగా పాత వలస చట్టాలు తిరగేస్తుంటే 1941 నాటి ఒప్పందం ఒకటి కంటబడింది. అది నన్ను వదల్లేదు.

ఇండియా, బర్మా ప్రభుత్వాల మధ్య ఆ ఏడాది జూన్‌ 28న కుదిరిన వలస ఒప్పందం అది. మన వైపు చర్చలు నడిపినది గిరిజా శంకర్‌ బాజ్‌పాయ్‌. అంతకుముందు కళింగపట్నంలోనో, బారువలోనో, భీమిలిలోనో స్టీమరెక్కి, డెక్కు మీదే పడుకుని రంగం (రంగూన్‌) చేరిన కూలీని ఎవరూ కాగితం అడిగేవారు కాదు. 1937 దాకా బర్మా బ్రిటిష్‌ ఇండియాలో భాగమే మరి. ఇప్పుడు పర్మిట్లొచ్చాయి. ‘ఏ’ పర్మిట్‌కు 500 రూపాయలు. అది ఉంటే ఎన్నాళ్లైనా ఉండొచ్చు, ఏ పనైనా చేసుకోవచ్చు. ‘బీ’ పర్మిట్‌కు 12 రూపాయలు. గడువు తీరితే తిరుగు ప్రయాణమే. బర్మా స్త్రీతో కాపురం పెడితే పర్మిట్‌ పోయే షరతుకూ అందులో చోటిచ్చారు. గంజాం, విశాఖ జిల్లాల నుంచి మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో బయల్దేరినవాడికి 500 ఎక్కడివి? ‘ఏ’ పర్మిట్‌ షావుకారుకి, ‘బీ’ పర్మిట్‌ కూలీకి అని ఒప్పందంలో రాయలేదు. రాయనక్కర్లేకపోయింది. గాంధీజీ ఆ ఆగస్టులోనే దీన్ని తప్పుపట్టారు.

హెచ్‌-1బీ ఈ ‘బీ’ పర్మిట్‌కి మనవడు. మూడేళ్లు, పొడిగిస్తే ఆరేళ్లు. గ్రీన్‌కార్డు వరుసలో ఉంటే మరికొంత.

నాకు అసలు ఆసక్తి పుట్టించింది ఒప్పందానికి ముందొచ్చిన నివేదిక. భారతీయులపై జరిగిన 1938 అల్లర్ల తర్వాత బర్మా ప్రభుత్వం జేమ్స్‌ బాక్స్‌టర్‌ను విచారణకు పెట్టింది. భారతీయ కూలీ బర్మావాడి పని లాక్కున్నాడా అన్నది ప్రశ్న. లెక్కలన్నీ చూసి, భారతీయ కూలీ చాలావరకు ఉన్న శ్రమకు తోడయ్యాడే తప్ప స్థానికుణ్ణి నెట్టేయలేదని తేల్చాడాయన. అయినా పర్మిట్లు వచ్చాయి. రాజకీయం లెక్కల కోసం ఆగదు.

చరిత్రను ఒక్క గుక్కలో చెప్పాలంటే: 1930 మేలో రంగూన్‌ రేవులో మన తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా వాళ్లను పనిలోకి తెచ్చాయి. సమ్మె తేలి తెలుగువాళ్లు తిరిగి రాగానే బర్మా వాళ్లను పొమ్మన్నాయి. 26న మొదలైన కొట్లాటలో వంద మందికి పైగా చనిపోయారు. 1941 డిసెంబరు 23న జపాన్‌ రంగూన్‌పై బాంబులేసింది. లక్షల మంది కాలినడకన కొండలు దాటి వెనక్కొచ్చారు. ఒప్పందం చాలావరకు కాగితంగానే మిగిలింది.

ఆ రేవు కొట్లాటలో ఇరుపక్షాలూ ఒకరినొకరు కొట్టుకున్నారు. కూలి ఎంతో నిర్ణయించిన కంపెనీ జోలికి ఎవరూ పోలేదు. నేటి అమెరికా వాదనలోనూ నాకు కనిపించే వెలితి అదే.

అమెరికా ఉద్యోగి గోడు వట్టిదనను. హెచ్‌-1బీ జీతాలకు అక్కడ నాలుగు మెట్లున్నాయి. కింది రెండు మెట్లూ ఆ ప్రాంతంలో, ఆ పనికి నడిమి జీతం కన్నా తక్కువ. 2019లో ఆమోదం పొందిన ఉద్యోగాల్లో 60 శాతం ఆ రెండు మెట్లలోనివేనని ఎకనమిక్‌ పాలసీ ఇన్‌స్టిట్యూట్‌ చెప్పింది. కానీ జీతం తగ్గేది వచ్చినవాడు విజయనగరం వాడైనందుకు కాదు, ఒకే యజమానికి కట్టుబడి ఉన్నందుకు. ఉద్యోగం ఊడితే అరవై రోజుల్లో ఇంకో యజమాని దరఖాస్తు పెట్టాలి, లేదా వేరే దారి చూసుకోవాలి. రంగం కూలీని మేస్త్రీ అడ్వాన్సు కట్టేసింది, ఇతణ్ణి వీసా కట్టేస్తుంది. లక్ష డాలర్లు గుమ్మం ఎత్తు పెంచుతాయి, ఆ ముడిని మాత్రం విప్పవు. ఒక్క తేడా ఉంది: 1941లో రుసుము కూలీది, 2025లో యజమానిది. చివరికి అది ఎవరి జీతంలో తేలుతుందోనన్న అనుమానం నాకుంది.

లక్షల్లో జీతం తీసుకునేవాణ్ణి మూటలు మోసినవాడితో పోల్చడమేంటని మనవాళ్లకు కోపం రావచ్చు. పైడిభీమవరం ఫ్యాక్టరీల దగ్గర హిందీ మాట్లాడే కుర్రాళ్ల గురించి మన టీకొట్లలో వినిపించే మాటలు ఒకసారి చెవిన వేసుకోండి. డాలస్‌లో మనల్ని అనేవీ ఆ మాటలే.

పేజీలో పట్టనివి

హెచ్‌-1బీ: ఏటా 65 వేలు, అమెరికాలో పీజీ చేసినవారికి అదనంగా 20 వేలు. లక్ష డాలర్ల ఉత్తర్వు 2025 సెప్టెంబరు 19న వెలువడింది.

వేరావల్‌: శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పని కోసం గుజరాత్‌లోని ఈ రేవుకు వెళ్తారు. 2018లో పాకిస్థాన్‌ పట్టుకున్న అలాంటి మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు.

గల్ఫ్‌: పదో తరగతి పాసవ్వనివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్‌ (వలస అనుమతి తప్పనిసరి) ముద్ర ఉంటుంది. వాళ్లు ఉద్యోగానికి గల్ఫ్‌ వెళ్లాలంటే 1983 వలస చట్టం కింద ముందుగా మన ప్రభుత్వం అనుమతే తీసుకోవాలి.