చేతిలో ఫోను, చేజారిన మాట

ఈనాటి మన అంశము కోసం ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు. అది మీ జేబులోనో, చేతిసంచిలోనో, తలగడ ప్రక్కనో ఉంది. సెల్‌ఫోను గురించి మాట్లాడుకుందాం. అది మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడానికి కాదు. మనం ఇతరులతో మాట్లాడే తీరును, మనతో మనం ఉండగలిగే శక్తిని అది ఎలా మార్చిందో నిదానంగా ఆలోచించడానికి.

మొదట నా సంగతి చెప్పాలి. కొన్ని సంవత్సరాల క్రితం మా సంఘములో ఒక పెద్దాయన మంచం పట్టారు. చూడటానికి వెళ్ళాను. మంచం ప్రక్కన కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. ఆయన మెల్లగా, "అయ్యగారూ, మా పెద్దోడి విషయం ఒకటి చాలాకాలంగా మనసులో పెట్టుకున్నానండి" అని మొదలుపెట్టారు. అప్పుడే నా జేబులో ఫోను మ్రోగింది. తీసి చూసి కట్ చేశాను. ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి మెసేజి చప్పుడు. "ఒక్క నిమిషమండి" అన్నాను. నేను తల ఎత్తేసరికి ఆయన గోడవైపు చూస్తున్నారు. "మీకు పనులున్నట్టున్నాయి అయ్యగారూ. ప్రార్థన చేసి వెళ్ళిరండి" అన్నారు. ప్రార్థన చేసి వచ్చేశాను. తొమ్మిది రోజుల తరువాత ఆయన సమాధి కార్యక్రమం నేనే జరిపించాను. పెద్ద కుమారుడు నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆ తండ్రి ఏమి చెప్పదలచుకున్నారో నాకు తెలియదు. ఆ మెసేజిలో ఏమున్నదో ఇప్పుడు నాకు జ్ఞాపకం కూడా లేదు.

ప్రియులారా, యంత్రాన్ని నిందించడం తేలిక. అయితే దాని మేలు కూడా చెప్పుకోవాలి. 1844వ సంవత్సరం మే 24న అమెరికాలో శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుండి బాల్టిమోరుకు టెలిగ్రాఫు తీగపై సందేశం పంపినప్పుడు, అందుకు ఎన్నుకున్న మాటలు సంఖ్యాకాండము 23:23 లోనివి. దూరము తగ్గడం దేవుని కార్యమేనని ఆనాటివారు ఆశ్చర్యపడ్డారు. 1876లో గ్రాహంబెల్ టెలిఫోను ద్వారా మాట్లాడాడు. 1992 డిసెంబరు 3న బ్రిటనులో వెళ్ళిన మొట్టమొదటి ఎస్.ఎమ్.ఎస్. క్రిస్మస్ శుభాకాంక్షే. మన దేశములో 1995 జూలై 31న మొదటి సెల్‌ఫోను సంభాషణ జరిగింది. 2013 జూలైలో మన టెలిగ్రాము సేవ ముగిసిపోయింది. టెలిగ్రాము వచ్చిందంటే గుండె ఆగినంత పనయ్యే రోజులు మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటాయి.

కువైట్‌లో పని చేసే తల్లి, ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరిగే బిడ్డ ముఖాన్ని ప్రతి రాత్రి వీడియోలో చూడగలుగుతోంది. ఒకప్పుడు ఉత్తరం కోసం వారాల తరబడి ఎదురుచూసేవారు. ఇది చిన్న మేలు కాదు. నేను కూడా ఇప్పుడు మిమ్మును చూడకుండా, ఒక యంత్రం ద్వారానే మాట్లాడుతున్నాను కదా! కాబట్టి యంత్రము ఉండాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. అది దేని స్థానాన్ని ఆక్రమిస్తోంది అన్నదే ప్రశ్న.

మొదటిది, స్వరము స్థానాన్ని అక్షరము ఆక్రమిస్తోంది. "సరే" అనే మాట తీసుకోండి. నోటితో అన్నప్పుడు అది సంతోషం కావచ్చు, విసుగు కావచ్చు, అలక కావచ్చు, కన్నీళ్ళు ఆపుకొని అన్న మాట కావచ్చు. భార్య అన్న "సరే"లో ఏమున్నదో భర్తకు గొంతును బట్టి తెలుస్తుంది. ఫోనులో టైపు చేసిన "సరే"కు గొంతు లేదు. చదివేవాడు తన మనసులో ఉన్న గొంతును దానికి తగిలిస్తాడు. కోపంతో చదివితే అది కోపంగానే వినిపిస్తుంది. 2014లో వాట్సాప్‌లో నీలి గుర్తులు వచ్చాక మరొక బాధ చేరింది. "చూసి కూడా జవాబు ఇవ్వలేదు" అని తోబుట్టువుల మధ్య కూడా మనస్తాపాలు.

ఈ విషయమై ఒక పరిశోధన ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వారు కొంతమంది ఆడపిల్లలకు ఆందోళన కలిగించే పరీక్ష పెట్టి, ఆ తరువాత తల్లులతో మాట్లాడనిచ్చారు. కొందరు తల్లిని కలిశారు, కొందరు ఫోనులో మాట్లాడారు, కొందరు టైపు చేసి సందేశాలు పంపుకున్నారు, కొందరికి ఏదీ లేదు. 2012లో ప్రచురించిన ఫలితమేమంటే, తల్లి గొంతు విన్న పిల్లల శరీరములో ఆందోళన హార్మోను తగ్గింది, ఆప్యాయత కలిగించే ఆక్సిటోసిన్ పెరిగింది. సందేశాలు మాత్రమే అందుకున్న పిల్లలు, తల్లితో అసలు మాట్లాడని పిల్లలవలెనే ఉండిపోయారు. మంచి మాటలే అందాయి. కానీ ఆ మాటలలో అమ్మ గొంతు లేదు.

అపొస్తలుడైన యోహాను ఈ సంగతి ఎరుగును. ఆయన రెండవ పత్రిక 12వ వచనము, మూడవ పత్రిక 13, 14 వచనములు ఇంటికి వెళ్ళి చదవండి. వ్రాయవలసినది చాలా ఉన్నా కాగితముతో, సిరాతో ముగించడం ఆయనకు ఇష్టం లేదు. కలిసి మాట్లాడితేనే సంతోషం సంపూర్ణమని ఆయన ఆశ. గమనించండి, ఆయన ఉత్తరం మానలేదు. కానీ ఉత్తరము ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ చాలదో ఆయనకు తెలుసు.

రెండవది, మనలో ఉండవలసిన నిశ్శబ్దం స్థానాన్ని ఫోను ఆక్రమిస్తోంది. 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన తిమోతీ విల్సన్ బృందం ఒక ప్రయోగం చేసింది. మనుష్యులను ఏ పనీ లేకుండా 15 నిమిషాలు ఒక గదిలో ఒంటరిగా కూర్చోబెట్టారు. ఆ గదిలో ఒక మీట ఉంది, నొక్కితే కరెంటు షాకు తగులుతుంది. ఆ షాకు బాధాకరమని వారికి ముందే తెలుసు. అయినా 18 మంది పురుషులలో 12 మంది, 24 మంది స్త్రీలలో 6గురు తమకు తామే షాకు పెట్టుకున్నారు! తన ఆలోచనలతో తాను కూర్చోవడం కంటే నొప్పి నయమనిపించింది. మనం బస్టాపులో, వైద్యుని గది ముందు, నిద్ర పట్టని రాత్రి ఫోను తీసేది కూడా చాలాసార్లు ఇందుకే. సమాచారం కోసం కాదు, మన నుండి మనం పారిపోవడానికి.

పారిపోవడానికి దారి కూడా సుళువుగా వేసి పెట్టారు. 2006లో ఏజా రాస్కిన్ అనే ఇంజనీరు, వ్రేలితో నెట్టేకొద్దీ అంతులేకుండా వచ్చే పేజీని రూపొందించాడు. తరువాతి కాలంలో అందుకు తానే పశ్చాత్తాపపడ్డాడు. మన పెళ్ళి భోజనంలో విస్తరి మడిస్తే ముగిసినట్టు. ఇక్కడ మడవడానికి విస్తరి లేదు. చాలు అనేలోపే మరొకటి వడ్డిస్తారు.

లూకా 15వ అధ్యాయములోని చిన్న కుమారుణ్ణి తలచుకోండి. అతనికి పందుల పొలములో బుద్ధి వచ్చిందని మన తెలుగు బైబిలు చెబుతుంది. గ్రీకు మాటలకు, తన దగ్గరికి తానే వచ్చాడనే అర్థం. మొదట తన దగ్గరికి, తరువాత తండ్రి దగ్గరికి. ఆకలి ఉంది, ఒంటరితనం ఉంది, మరచిపోవడానికి చేతిలో ఏదీ లేదు. ఆ పొలములో అతని చేతికి ఒక ఫోను ఉండి ఉంటే, ఆ సాయంత్రం ఇంకేదో చూస్తూ గడిపేసి ఉండేవాడేమో!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో విడుదల చేసిన నివేదిక ప్రకారం లోకములో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనముతో బాధపడుతున్నారు. దీనికి ఫోను ఒక్కటే కారణం కాదు. అనారోగ్యం, పేదరికం, ఒంటరి బ్రతుకు కూడా ఉన్నాయి. అయితే మన ప్రక్క బల్లపై కూర్చున్నవారే ఆ ఆరవవారు కావచ్చు. మనం తల ఎత్తితేనే కదా తెలిసేది.

మరి ఏమి చేద్దాం? భారమైనవి కాదు, చేయగలిగినవే చెబుతాను. రాత్రి భోజనం ముగిసేవరకు ఇంట్లో అందరి ఫోనులు ఒకచోట పెట్టండి, తండ్రి ఫోను ముందుగా. క్షమాపణను, పరామర్శను మెసేజిలో పంపవద్దు. వెళ్ళండి, వెళ్ళలేకపోతే గొంతు వినిపించండి. రోగిని చూడటానికి వెళితే ఫోను ఆపి వెళ్ళండి. ఉదయం లేచిన వెంటనే పావుగంట ఫోను ముట్టకండి. మార్కు 1వ అధ్యాయములో ప్రభువు ఇంకా చీకటి ఉండగానే ఏకాంత స్థలానికి వెళ్ళారు. అందరూ వెదకుతున్నారని శిష్యులు వచ్చి చెప్పినా తొందరపడలేదు. ఫోనులో బైబిలు చదివేవారు ఆ సమయానికి నెట్ ఆపుకోండి. కీర్తన మధ్యలో పైన కనబడే ప్రతి చిన్న వార్త మనస్సును లాగేస్తుంది.

ముగించే ముందు ఆ పెద్దాయన సంగతి. రెండు సంవత్సరాలు ఆ భారం మోశాను. ఫోనులో వ్రాద్దామని ఎన్నోసార్లు టైపు చేసి చెరిపేశాను. చివరికి ఒక సాయంత్రం ఆ పెద్ద కుమారుని ఇంటికి వెళ్ళి, "నాన్నగారు నీ గురించి ఏదో చెప్పబోయారు బాబూ. నేను ఫోను చూసుకుంటూ వినలేదు. నన్ను క్షమించు" అన్నాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "నా గురించా అండీ? నాతో అయితే నాలుగేళ్ళు మాట్లాడలేదు" అన్నాడు. ఇద్దరం అలాగే కూర్చున్నాం. దీపాలు పెట్టే వేళ దాటిపోయింది. జేబులో నా ఫోను లేదు, ఇంట్లో పెట్టి వచ్చాను.

ప్రియ శ్రోతలారా, ఈ ప్రసంగం ముగిసిన తరువాత మీరు ఎవరి ఇంటికి వెళ్ళవలసి ఉన్నదో మీకే తెలుసు. వెళ్ళే బలమును ప్రభువు మీకు అనుగ్రహించును గాక. ఆమేన్.