పాత ఫోనులో నాయనమ్మ గొంతు

నెక్కొండ స్టేషనులో మీ నాయనమ్మ మాటను పాత స్మార్టుఫోనులో రికార్డు చేశారనుకోండి. అది ధ్వనిని సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. కొలతకు 16 బిట్ల చొప్పున నిమిషానికి 9,60,000 బైట్లు కావాలి! 2003 నాటి నోకియా 6600లో చోటు తక్కువ. అందుకే ఏ.ఎం.ఆర్. పద్ధతి మాటను సెకనులో 50వ వంతు ముక్కలుగా కోసి, తరంగానికి బదులు ఆ క్షణాన గొంతు ఎలా కంపించిందో, నోరు ఏ ఆకారంలో ఉందో అంకెల్లో రాసుకుంటుంది. మంచి నాణ్యతకైనా సుమారు 96,000 బైట్లు చాలు. రైలు కూత మాత్రం చెదిరిపోతుంది. రైలుకు నోరు లేదు కదా!

8,000లో సగం, అంటే సెకనుకు 4,000 కంపనాలు మించిన ధ్వని అసలు నమోదు కాదు. అందుకే ‘స’, ‘ఫ’ ఒకేలా వినిపిస్తాయి. ఆ పోయినది ఏ కొత్త ఫోనూ తిరిగి తేలేదు. మిగిలినదాన్ని మాత్రం, మెమొరీ కార్డు పాడవకముందే, అంకె పోకుండా నకలు తీసుకోవచ్చు.