మేఘములో చిక్కిన వైమానికుడు

కన్నులు మూసికొని ఒంటికాలిపై నిలువబడి చూడుడు. కొలది సెకనులలోనే శరీరము తూలును. మన నిలుకడకు చూపు ఎంత తోడ్పడునో దీనివలన తెలియుచున్నది. నేలమీద తూలినవాడు రెండవ కాలు మోపి నిలద్రొక్కుకొనును. మేఘములో చొచ్చిన వైమానికునకు అట్టి ఆధారము లేదు.

చిన్న విమానములను సొంతముగా నడపువారిలో పెక్కుమంది క్షితిజరేఖను చూచుచు నడపుటనే నేర్తురు. పరికరములను మాత్రమే చూచి నడపుటకు వేరే శిక్షణ కావలెను. అది లేనివారు మేఘమున చిక్కినచో ఏమగును? 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు 20 మందిని పరీక్షించిరి. బయటి దృశ్యమును మరుగుపరచి, పరికరములతోనే నడపుమనిరి. ఒక్కరును విమానమును అదుపులో నిలుపలేకపోయిరి. అదుపు తప్పుటకు పట్టిన కాలము సగటున 178 సెకనులు. వారిలో 19 మంది విమానములు సర్పిలముగా తిరుగుచు క్రిందికి దిగజొచ్చెను.

దీనికి కారణము లోపలి చెవిలో నున్నది. అచటి మూడు అర్ధవర్తుల కుల్యలలో ద్రవము కలదు. తల తిరిగినపుడు కుల్య తిరుగును. ద్రవము జడత్వమువలన వెనుకబడును. ఈ తేడా సూక్ష్మరోమములను వంచగా, తిరుగుచున్నామని మెదడు గ్రహించును. కాని ఒకే వేగముతో తిరుగుట సుమారు 20 సెకనులు సాగినచో ద్రవమును కుల్యతోపాటు తిరుగును. తిరుగుచున్న భావము నశించును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. నీటి గ్లాసులో మిరియాలపొడి చల్లి, తిరుగు కుర్చీ నడుమ నుంచి త్రిప్పుడు. మొదట పొడి కదలదు. కొంతసేపటికి గ్లాసుతో కలిసి తిరుగును. కుర్చీని ఆపినను పొడి తిరుగుచునే యుండును. సర్పిలము నుండి బయటపడిన వైమానికునకు ఎదురుదిశలో తిరుగుచున్నట్లు తోచుటకు కారణమిదియే.

మరియొక మోసము కలదు. విమానము ఒరిగి మలుపు తిరుగునపుడు గురుత్వబలము, అపకేంద్రబలము కలిసి అతనిని ఆసనములోనికే నొక్కును. కావున నిటారుగా కూర్చున్నట్లే యుండును. రెక్కలు ఒరిగినందున పైకెత్తు బలములో కొంత ప్రక్కకు పోయి, విమానము దిగును; వేగము హెచ్చును. ఎత్తు తగ్గుట చూచి అతడు ముక్కును పైకెత్తబోవును. దానితో సర్పిలము మరింత బిగియును. ముందు రెక్కలను సమము చేయవలెను. ముక్కు నెత్తుట తరువాతి పని.

1929 సెప్టెంబరు 24న జేమ్స్ డూలిటిల్, బయటికి చూపు లేకుండ కప్పిన ఆసనమున కూర్చుండి, గైరోస్కోపుతో పనిచేయు కృత్రిమ క్షితిజము మొదలగు పరికరముల సాయముననే విమానమును లేపి, నడిపి, దించెను. సాధనములు నాటినుండియే యున్నవి. అయినను 1999 జూలై 16 రాత్రి, మసకకమ్మిన సముద్రముపై అమెరికా మాజీ అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు నడిపిన విమానము కూలి ముగ్గురు మరణించిరి. ఆయనకు పరికరములతో నడపు అర్హత లేదు. దిగ్భ్రమవలన అదుపు తప్పెనని దర్యాప్తులో తేలెను.

ఇల్లినాయ్ పరిశోధకులు ఆ 20 మందికి కొద్దిపాటి శిక్షణ నిచ్చి మరల పరీక్షించిరి. 60 యత్నములలో 59 సఫలమయ్యెను. వారు నేర్చినదెల్ల ఒక్కటే: శరీరము చెప్పుదానిని కాదని పరికరమును నమ్మి, మెల్లగా 180 డిగ్రీలు మరలి, వచ్చిన దారిన వెలుగులోనికి పోవుట.