బావా అననా, వదినా అననా?

మాది హోసూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పెళ్ళయి బెంగుళూరు వచ్చి ఇన్నేళ్ళయినా ఆ తమిళం మరిచిపోలేదు. అందుకే మా కోడలు “అత్తయ్యా, ఒక్కరే ఆడే తమిళ నాటకం ఉంది, వస్తారా?” అంటే సరేనన్నాను.

నాటకం పేరు ‘వెళ్ళై మొళి’. తెల్లని మాట, అంటే కల్లాకపటం లేని మాట. ఆడినవారు ఎ. రేవతి, దర్శకురాలు ఎ. మంగై. చెప్పేది రేవతిగారి సొంత కథే.

ఆమెది నామక్కల్ జిల్లాలో ఒక పల్లె. మగపిల్లవాడని పెంచారు. తాను ఆడపిల్లనని లోపలి మనసు చెప్పింది. ఇల్లు విడిచి ఢిల్లీ, బొంబాయి తిరిగి, పడరాని పాట్లు పడి, బెంగుళూరు చేరారు. ఆ జీవితం 2010లో ఇంగ్లీషులో ఆత్మకథగా వచ్చింది. పి. సత్యవతిగారు దాన్ని ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

చిన్నప్పుడు ఊరి పండుగలో ఆడవేషం వేస్తే అందరూ మెచ్చుకున్నారట. ఆ బిడ్డే ఇంట్లో ఆడపిల్లలా మెలిగితే దెబ్బలు!

మనకు మాత్రం ఆడవేషం కొత్తా? స్థానం నరసింహారావుగారి సత్యభామ గురించి మా నాన్నగారు చెప్పడం మొదలుపెడితే పొద్దు తెలిసేది కాదు. 1956లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మగారి భామను చూసి మైమరచిన వాళ్ళం. వారు మహానటులు. రంగు కడుక్కుంటే వారి వేషం తీరిపోయేది. కడిగినా పోని మనసున్న మనిషి గురించి మనమెప్పుడైనా ఆలోచించామా?

నేను ఆలోచించలేదు సరికదా, అంతకన్నా పెద్ద తప్పే చేశాను.

మా మేనత్త కొడుకు నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. సంక్రాంతి ముగ్గులు మా అందరికన్నా చక్కగా పెట్టేవాడు. ఒకరోజు నా ఓణీ వేసుకుని అద్దం ముందు నిలబడితే చూశాను. నవ్వుకుంటూ వెళ్ళి మామయ్యతో చెప్పేశాను. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ రాత్రి బెల్టు దెబ్బల చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నెల తిరక్కుండా బావ ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆ పేరు మా ఇళ్ళలో ఎవరూ ఎత్తలేదు.

నాటకం అయిపోయింది. జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. నాకు కాళ్ళాడలేదు. కోడలు చెయ్యి పట్టుకుని, ఏమీ అడగకుండా బయటకు తీసుకొచ్చింది.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, తాము స్త్రీయో పురుషుడో తృతీయులో చెప్పుకునే హక్కు ఎవరికి వారిదేనని తీర్పిచ్చింది. చట్టం అంతవరకే రాగలదు. ఇంటి తలుపు తీయవలసింది మాత్రం ఇంట్లోవాళ్ళే.

ఆ రాత్రే మా మరదలికి ఫోన్ చేశాను. యాభై ఏళ్ళ తరువాత ఆ పేరు పలికాను. చెప్పింది నేనేనని కూడా ఒప్పుకున్నాను. చాలాసేపు అవతలినుంచి మాట లేదు.

“అన్నయ్య కంచం అమ్మ పోయేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు వదినా. ఇప్పుడు నా దగ్గరుంది” అంది.

ఇద్దరం వెతకాలనుకున్నాం. ఎక్కడున్నారో, ఉన్నారో లేదో తెలియదు. కనబడితే బావా అనాలో, వదినా అనాలో కూడా తెలియదు. ఎలా పిలవమంటే అలాగే పిలుస్తాను.