వార్తల్లో పదం: స్లైడర్ ఫోన్

తెరను జరిపితే కింద కీబోర్డు బయటపడే మొబైలే స్లైడర్ ఫోన్. 2008 అక్టోబరులో అమెరికాలో అమ్మకానికొచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్, హెచ్‌టీసీ తయారుచేసిన టీ-మొబైల్ జీ1, ఈ కోవలోదే. ఇలాంటి ఫోన్‌ను బేరీజు వేసేటప్పుడు చాలామంది ముందు మందం చూస్తారు. నిజానికి చూడాల్సింది, రాసేటప్పుడు తెర ఎంత మిగులుతోందన్నది. ఫోన్‌ను అడ్డంగా పట్టుకుంటే తెరమీది కీబోర్డే పెద్ద భాగాన్ని కమ్మేస్తుంది. జీ1లో 3.2 అంగుళాల తెరంతా రాతకే దక్కేది. ఐదు వరసల మీటల్లో అంకెలకు విడిగా ఒక వరస ఉండేది. లోపమల్లా, 2009లో ఆండ్రాయిడ్ 1.5 వచ్చేదాకా తెరమీది కీబోర్డు లేకపోవడం. ‘సరే’ అని జవాబివ్వాలన్నా ఫోన్ తెరవాల్సిందే.

బరువు, మందం, అరిగిపోయే కీలు మాటేమిటంటారా? జీ1 మందం సుమారు 17 మిల్లీమీటర్లు, ఐఫోన్ 3జీది 12.3. జేబులో ఆ తేడా తెలుస్తుంది. అయినా రోజంతా ఈమెయిళ్లు రాసేవారికి అది గిట్టుబాటు బేరమే. తోసిపుచ్చలేని అభ్యంతరం మరొకటి ఉంది: మీటల మీద అచ్చయిన లిపి మారదు. తెలుగు గుణింతాలు, వత్తులు రాసేవారికి తెరమీది కీబోర్డు ఒక్క తాకుడుతో లిపి మార్చి ఇస్తుంది. అందుకే 2015 నాటి బ్లాక్‌బెర్రీ ప్రివ్ లాగా రెండూ ఉన్న ఫోనే మేలైన స్లైడర్.