గుండుగొలను డాక్టరు గారి బ్యాంకు



మీలో చాలా మందికి బ్యాంకు పాసు పుస్తకం ఉంది. కొందరి ఇళ్లల్లో పాత పుస్తకాలు కూడా ఉంటాయి. పాత పుస్తకం మీద "ఆంధ్రా బ్యాంకు" అని ఉంటుంది. కొత్త దాని మీద "యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా" అని ఉంటుంది. పేరు ఎందుకు మారిందో తర్వాత చెబుతాను. ముందు ఆ పాత పేరు సంగతి చూద్దాం. ఆ బ్యాంకు పెట్టినాయన మన పక్క ఊరాయనే.

ఏలూరులో తాడేపల్లిగూడెం బస్సు ఎక్కండి. భీమడోలు ఇంకా రాకముందే గుండుగొలను వస్తుంది. 1880 నవంబరు 24న భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆ ఊళ్లో పుట్టారు. ఏలూరులో, బందరులో, మద్రాసులో చదువుకున్నారు. డాక్టరు అయ్యారు. బందరులో వైద్యం చేశారు. చెయ్యి తిరిగిన డాక్టరు, రాబడి బాగా ఉండేది. అయినా వైద్యం మానేసి స్వాతంత్ర్య ఉద్యమంలోకి దిగారు.

ఉద్యమంలో ఉన్న మనిషికి బ్యాంకుతో ఏం పని? ఈ మాట నన్ను మా తరగతిలో ఒక పెద్దమ్మ అడిగింది. మంచి ప్రశ్నే. దానికి జవాబు కావాలంటే అప్పటి రోజులు తెలియాలి.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో అయింది. కాలవలు వచ్చాయి. వరి పండింది. ఊళ్లల్లో డబ్బు తిరిగింది. కానీ డబ్బు తిరిగే చోటే అప్పు కూడా తిరుగుతుంది. విత్తనాలకు అప్పు. ఎద్దు చచ్చిపోతే అప్పు. పిల్ల పెళ్లికి అప్పు. అప్పు ఎవరిస్తారు? షావుకారు ఇస్తాడు.

ఒక లెక్క వేద్దాం. పలకా బలపం తీసుకోండి. వెయ్యి రూపాయలు అప్పు తెచ్చాం. వందకి నెలకి మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకి 30 రూపాయలు. ఏడాదికి 360 రూపాయలు. మూడేళ్లు అసలు తీర్చలేకపోతే వడ్డీయే 1,080 రూపాయలు కట్టాలి. తెచ్చిన దానికంటే ఎక్కువ కట్టేశాం. అసలు వెయ్యి అలాగే ఉంది. పొలం తాకట్టులో ఉంటే పొలం పోతుంది.

అప్పుడు పెద్ద బ్యాంకులు లేవా? ఉన్నాయి. చాలా వరకు తెల్లవాళ్లవి. అవి పెద్ద కంపెనీలకు, పెద్ద వ్యాపారాలకు అప్పులిచ్చేవి. నాలుగెకరాల రైతు వాటి గడప ఎక్కలేడు.

మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ అని ఒకటి ఉండేది. మంచి వడ్డీ ఇస్తుందని వేల మంది అందులో డబ్బు దాచుకున్నారు. ఆ డబ్బు పెట్టి కంపెనీ యజమానులు పెద్ద లాభాల కోసం జూదం లాంటి వ్యాపారాలు చేశారు. 1906 అక్టోబరులో కంపెనీ కూలిపోయింది. యజమాని జైలుకు వెళ్లాడు. దాచుకున్న వాళ్ల సొమ్ము మాత్రం మునిగింది. మన డబ్బు మన వాళ్ల చేతుల్లోనే ఉండాలి అని దక్షిణాదిలో చాలా మందికి అప్పుడే గట్టిగా అనిపించింది.

పట్టాభి గారూ అదే ఆలోచించారు. తెల్లవాళ్లు పోతే చాలదు, మన రైతుకి షావుకారు పీడ కూడా పోవాలి అనుకున్నారు. 1923 నవంబరు 28న బందరులో ఆంధ్రా బ్యాంకు తలుపులు తెరిచింది. చేతిలో ఉన్న మూలధనం లక్ష రూపాయలు. రెండేళ్లకు, 1925లో, ఆంధ్రా ఇన్సూరెన్సు అనే బీమా కంపెనీ కూడా పెట్టారు.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. బ్యాంకు ధర్మసత్రం కాదు. అదీ వ్యాపారమే. ఎలా నడుస్తుంది? మనం వంద రూపాయలు దాచుకుంటే ఏడాదికి ఆరు రూపాయల వడ్డీ ఇచ్చింది అనుకుందాం. అదే వంద ఇంకొకరికి పది రూపాయల వడ్డీకి అప్పు ఇచ్చింది అనుకుందాం. మధ్యలో నాలుగు రూపాయలు మిగిలాయి. అందులోంచే గుమాస్తాల జీతాలు, ఇంటి అద్దె. ఎవరైనా ఎగ్గొడితే ఆ నష్టమూ అందులోంచే. అన్నీ పోగా మిగిలింది లాభం. ఆ లాభం లేకపోతే బ్యాంకు మూతపడుతుంది. మనం దాచుకున్నది మొత్తం మనకు తిరిగి రాకపోవచ్చు. కాబట్టి లాభం చెడ్డది అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. బండికి ఎద్దు కావాలి. కానీ బండి కట్టింది ఎద్దుని తిప్పడానికి కాదు గదా, ఊరు చేరడానికి.

పట్టాభి గారు తర్వాత పెద్ద నాయకుడు అయ్యారు. 1939లో కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీ చేసి సుభాష్ చంద్రబోసు చేతిలో ఓడిపోయింది ఈయనే. 1942లో జైలుకు వెళ్లారు. 1948లో కాంగ్రెసు అధ్యక్షుడు అయ్యారు. 1959లో చనిపోయారు. బ్యాంకు మాత్రం ఊరూరా పెరిగింది. 1980లో ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేసింది. మన పాసు పుస్తకం మీద పేరు మారింది అందుకే. మన డబ్బుకి ఏమీ కాలేదు.

గుండుగొలను దాటి దక్షిణంగా వెళ్తే కొల్లేరు. అక్కడా ఒక వ్యాపారం నడిచింది. అది చేపల చెరువుల వ్యాపారం. దాని మొదలు మంచిదే. 1970లలో ప్రభుత్వం కొల్లేరు లంకల్లోని పేదలతో సంఘాలు పెట్టించింది. చెరువులు తవ్వించింది. చేపలు పెంచుకుని పేదలు బతకాలని. తర్వాత ఏమైంది? చేప మేతకి డబ్బు కావాలి, పిల్ల చేపకి డబ్బు కావాలి. డబ్బున్న వాళ్లు వచ్చారు. చెరువులు లీజుకి తీసుకున్నారు. కాగితం మీద సంఘం, గట్టు మీద షావుకారు. లాభం చూసి ఇంకా ఇంకా చెరువులు తవ్వారు. తమ్మిలేరు, బుడమేరు నీళ్లు కొల్లేట్లోకి వచ్చి ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలి. గట్లు అడ్డం పడ్డాయి. వాన గట్టిగా పడితే నీళ్లు వెనక్కి తన్ని పొలాలు, ఇళ్లు ముంచాయి.

1999లో కొల్లేరును పక్షుల రక్షణ ప్రాంతంగా ప్రకటించారు. 2006లో యంత్రాలు తెచ్చి ఆ ప్రాంతంలోని చెరువుల గట్లు కొట్టేశారు. లాభాలు తీసుకున్న వాళ్లు ఇంకో చోట ఇంకో వ్యాపారం చూసుకోగలరు. ఆ చెరువుల మీద కూలి చేసుకునే లంకల ఆడవాళ్లు ఎక్కడికి పోతారు? ఈ మాట ఎక్కువ మంది చెప్పరు.

బ్యాంకు కథ, కొల్లేరు కథ మనకెందుకు అంటారా? మన పొదుపు సంఘం కూడా ఒక చిన్న బ్యాంకే. పది మంది నెలకి వంద చొప్పున వేస్తే ఏడాదికి 12,000 రూపాయలు. అది చిన్న సొమ్ము కాదు. సభ్యురాలికి వందకి నెలకి రూపాయి వడ్డీకి ఇస్తాం. బయట మనిషి వచ్చి, "నాకివ్వండి, మూడు రూపాయలు ఇస్తాను" అంటాడు. లీడరమ్మకి ఆశ పుడుతుంది. సంఘానికి లాభమే గదా అనుకుంటుంది. ఏడాది చివర లెక్క చూస్తే లాభం నిజంగానే ఎక్కువ కనిపించవచ్చు. కానీ ఆషాఢంలో ఒక సభ్యురాలి బిడ్డకి జ్వరం వచ్చింది. ఆమె సంఘం దగ్గరికి వచ్చింది. పెట్టెలో డబ్బు లేదు. అంతా బయట ఉంది. అప్పుడు ఆమె మళ్లీ షావుకారు గడపే ఎక్కాలి. ఏ గడప ఎక్కకూడదని సంఘం పెట్టుకున్నామో ఆ గడపే.

ఈ నెల సమావేశంలో అప్పుల పుస్తకం అడిగి తీసుకోండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. ఎవరి పేరు మీద ఎంత ఉందో ఒక్కొక్క వరసా పైకి చదవండి. పేరు సంఘం సభ్యురాలిదేనా, వడ్డీ ఎంత, వాయిదా ఎప్పుడు, పెట్టెలో ఇప్పుడు ఎంత మిగిలింది చూడండి. సభ్యురాలు కాని పేరు కనిపిస్తే, అది ఎలా వచ్చిందని లీడరమ్మని అందరి ముందూ అడగండి.